మూడంతస్తుల ఇంటికి రౌటర్: చివరికి పనిచేసింది ఇదీ (నా అనుభవం)

కింద హాల్లో ఫైబర్ బాక్సు. పై అంతస్తులో ఫోన్‌కి రెండు గీతలు కనిపిస్తాయి, వీడియో కాల్ మాత్రం ఆగి ఆగి వస్తుంది. ఛానెల్ మార్చడం, ఆరు యాంటెన్నాల రౌటర్, మెట్ల దగ్గర ఎక్స్‌టెండర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే పెట్టె): ఏదీ నిలబడలేదు.

వైఫై వాడే రెండు బ్యాండ్లలో (2.4, 5 గిగాహెర్ట్జ్) వేగమైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు స్లాబులు దాటేసరికి నీరసపడిపోతుంది, రౌటర్ ఎంత ఖరీదైనా సరే. అందుకే ఒక పెద్దదాని బదులు మామూలు వైఫై 6 రౌటర్లు రెండు: కింద ఒకటి, పైన ఒకటి. చూడాల్సింది యాంటెన్నాలు కాదు, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు. 100 ఎంబీపీఎస్ పోర్టయితే 300 ఎంబీపీఎస్ ప్లాన్ కూడా 95 దగ్గరే ఆగుతుంది.

ముందు కేబుల్. గోడలో పాత డిష్ వైరు చివరకే క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ కట్టి పైకి లాగాలి. అసలు రాగిదే అడగండి. రాగిపూత అల్యూమినియం వంపుల దగ్గర విరుగుతుంది. పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కింది రౌటర్ నెట్‌నే వైఫైగా పంచే మోడ్) పెట్టాలి. ఆ మోడ్ లేకపోతే కింది దాని ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లు, కంప్యూటర్లకి ఐపీలు పంచే సెట్టింగ్) ఆపి, కేబుల్‌ని వ్యాన్ (WAN, బయటి నెట్ వచ్చే) పోర్టులో కాకుండా లాన్ (LAN, ఇంటి పరికరాల) పోర్టులో గుచ్చాలి. డీహెచ్‌సీపీ ఆపకపోతే రెండూ ఐపీలు పంచుతాయి, ఇక రోజుకో గొడవ. రెండింటికీ వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే. ఛానెళ్లు వేరు: 2.4 బ్యాండ్‌లో ఒకదానికి 1, ఇంకోదానికి 11. 5 బ్యాండ్‌లో 36, 149. చివరగా ఫైబర్ బాక్సు సొంత వైఫై ఆపేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

కొన్ని ఫోన్లు మెట్లెక్కినా కింది సిగ్నల్‌నే పట్టుకు వేలాడతాయి; కింది రౌటర్ పవర్ మీడియంకి దించితే చాలావరకు తగ్గింది, పూర్తిగా కాదు. వైరుకి దారిలేని అద్దె ఇళ్లలో ఈ పద్ధతి కుదరకపోవచ్చు.