ఉలి తల విచ్చుకుంటే ఇలా సరిచేశాను

మా కొలిమిలో ఇనుము కోసే ఉలి తల సమ్మెట దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంది. అంచున సన్నని పగుళ్లూ కనిపించాయి. అలాంటి ఉలిని ఒక్క దెబ్బకైనా వాడకూడదు. ఊడిన ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు.

రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, పగుళ్లు పూర్తిగా పోయేదాకా తలను గ్రైండర్ మీద అరగదీశాను. చుట్టూ అంచును కాస్త ఏటవాలుగా తీశాను. ఇలా చేస్తే మళ్లీ త్వరగా విచ్చుకోదు.

తర్వాత కొసకు పదును. అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. రాయికి తేలిగ్గా ఆనిస్తూ, మాటిమాటికీ నీళ్లలో ముంచాను. కొస నీలం రంగుకు తిరిగితే ఉక్కు మెత్తబడినట్టే, మళ్లీ కాల్చి గట్టిపరచాల్సిందే. తలను మాత్రం ఎప్పుడూ గట్టిపరచను. గట్టి తల దెబ్బకు పెళ్లలుగా లేస్తుంది, సుత్తి ముఖం కూడా పాడవుతుంది.