ఆన్ చేయగానే ఆగిపోయే ల్యాప్‌టాప్: ఫార్మాట్ కొట్టించే ముందు చూడాల్సినవి

ల్యాప్‌టాప్ ఆన్ చేసిన కాసేపటికే ఆరిపోతున్నా, రీస్టార్ట్ మీద రీస్టార్ట్ అవుతున్నా రిపేరు షాపులో మొదట వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". కొన్నిసార్లు అదే మందు. కానీ తప్పు ర్యామ్ (మెమరీ పట్టీ) కాంటాక్టులోనో, దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాన్‌లోనో ఉంటే విండోస్ ఎన్నిసార్లు వేసినా రెండ్రోజుల్లో మళ్ళీ అదే తంతు. ఈలోగా ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్ళు పోతాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మెషీన్ ఏ దశలో పడిపోతోంది?

పవర్ బటన్ నొక్కాక మొదట మదర్‌బోర్డుకు కరెంటు అందుతుంది. బయోస్ (బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాము) లేచి ర్యామ్, డిస్‌ప్లే, డిస్కు ఉన్నాయో లేదో చూసుకుంటుంది. కంపెనీ లోగో వస్తుంది. లోగో కింద చుక్కలు తిరుగుతున్నప్పుడు విండోస్ తన డ్రైవర్లను (ఒక్కో భాగాన్నీ నడిపే చిన్న ప్రోగ్రాములను) ఒక్కొక్కటిగా ఎక్కించుకుంటుంది. తర్వాత లాగిన్ తెర, ఆ తర్వాత స్టార్టప్ ప్రోగ్రాములు. లోగో కూడా రాకుండా ఆగితే విండోస్‌తో సంబంధం లేదు, అది హార్డ్‌వేరే. చుక్కలు తిరుగుతూ ఆగితే డ్రైవరో, అప్‌డేటో, డిస్కో. లాగిన్ అయ్యాక రెండు మూడు నిమిషాలకు పడిపోతే స్టార్టప్ ప్రోగ్రాములు, గ్రాఫిక్స్ డ్రైవరు, లేదా వేడి.

ముందు బిట్‌లాకర్ కీ

ఏ మరమ్మతు మొదలుపెట్టేముందైనా ఇది చేతిలో ఉండాలి. బిట్‌లాకర్ అంటే డిస్కులోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేకుండా చదవలేనట్టు మార్చి, విండోస్ వేసే తాళం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసిన విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అలా అయిన సంగతి యజమానికి తెలియకపోవడం మామూలే. బయోస్‌లో సెట్టింగ్ మార్చినా, మదర్‌బోర్డు మార్చినా, రికవరీ మెనూలోకి వెళ్ళినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్ విభాగంలో ఆ కీ వెతికి కాగితం మీద రాసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. కీ లేకుండా డిస్కులోని డేటాను ఏ షాపువాళ్ళూ బయటికి తీయలేరు.

ఖర్చు లేని పరీక్ష

షట్‌డౌన్ చేసి చార్జరు పీకండి. పెన్‌డ్రైవ్, మౌస్ రిసీవరు, మెమరీ కార్డు, హెచ్‌డీఎంఐ కేబుల్ అన్నీ తీసేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి. బోర్డు మీద మిగిలిన చార్జ్ పోయి, పవర్‌ను అదుపు చేసే ఎంబెడెడ్ కంట్రోలర్ కొత్తగా లేస్తుంది. తర్వాత చార్జరు ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. నల్ల తెర కేసులు కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

తీరకపోతే ఆన్ చేసిన వెంటనే బయోస్‌లోకి వెళ్ళండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో మోడల్‌ను బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2. ఏమీ ముట్టుకోకుండా ఆ తెర మీదే 20 నిమిషాలు వదిలేయండి. బయోస్‌లో ఉండగా విండోస్ ఒక్క ముక్క కూడా నడవదు. కాబట్టి అక్కడే ఆరిపోతే వేడి, బ్యాటరీ, చార్జరు, బోర్డు వీటిలో ఒకటి. ఫార్మాట్ ఆలోచన అక్కడితో మానుకోవచ్చు. 20 నిమిషాలూ నిలబడితే విండోస్, డిస్కు, డ్రైవర్ల వైపు వెళ్ళండి. ర్యామ్‌ను మాత్రం ఈ పరీక్ష పూర్తిగా వదిలిపెట్టదు. బయోస్ వాడుకునేది ర్యామ్‌లో కొద్ది భాగమే.

లోగో రాకముందే ఆగితే

లైట్లు ఎన్నిసార్లు మెరుస్తున్నాయో లెక్కపెట్టండి. డెల్‌లో బ్యాటరీ లైటు నారింజ రంగులో రెండుసార్లు, తెల్లగా మూడుసార్లు మెరిస్తే ర్యామ్ కనబడలేదని అర్థం. రెండు, నాలుగు అయితే ర్యామ్ పాడైంది. రెండు, ఒకటి అయితే ప్రాసెసరు వైపు తప్పు. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లేదా పవర్ లైటు మూడు పొడవుగా, రెండు పొట్టిగా మెరిస్తే అదీ ర్యామ్ సంగతే. లైట్లేమీ తేడాగా లేకుండా ఫ్యాన్ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే టీవీకో మానిటర్‌కో హెచ్‌డీఎంఐ పెట్టి చూడండి. అక్కడ బొమ్మ వస్తే మెషీన్ బాగానే ఉంది, పోయింది తెర లేదా దాని కేబుల్.

ర్యామ్ తీసి పెట్టడం ఇంట్లో చేసుకోగల పనే. ల్యాప్‌టాప్ తిరగేసి, పీహెచ్0 స్టార్ స్క్రూడ్రైవర్‌తో స్క్రూలు విప్పండి. వాటి పొడవులు ఒకేలా ఉండవు. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకోండి. పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే పైనున్న కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. అడుగు మూతను పాత ఏటీఎం కార్డుతో అంచుల వెంట మెల్లగా ఎత్తండి, ఇనుప వస్తువు వాడొద్దు. మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఇది చేయకుండా ర్యామ్ ముట్టుకుంటే బోర్డే పోవచ్చు. పవర్ బటన్ ఇంకోసారి నొక్కి మిగిలిన చార్జ్ వదిలించండి.

ర్యామ్ పట్టీకి రెండు పక్కలా ఉన్న క్లిప్పులను బయటికి లాగితే అది ఏటవాలుగా పైకి లేస్తుంది. బంగారు రంగు కాంటాక్టులను తెల్ల రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి ఈ కాంటాక్టులు త్వరగా మసకబారతాయి. తిరిగి పెట్టేటప్పుడు కాంటాక్టులు పూర్తిగా లోపలికి దిగేదాకా ఏటవాలుగా నెట్టి, ఆపై కిందికి నొక్కితే క్లిప్పులు టక్కుమంటాయి. రెండు పట్టీలుంటే ఒక్కోదాన్నీ విడిగా, ఒక్కో స్లాటులోనూ పెట్టి చూడండి. పట్టీ చెడిందో స్లాటు చెడిందో అప్పుడే తేలుతుంది. డీడీఆర్5 ర్యామ్ అయితే తీసి పెట్టాక మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. మెమరీని సరిచూసుకునే సమయం అది, మధ్యలో ఆపొద్దు. పలచటి ల్యాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ ఈ దారి లేదు.

మూత తీసి ఉండగానే బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, క్లిక్ బిగుసుకుపోయినా అనుమానించాల్సిందే. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, పొడవకూడదు, దాంతో ల్యాప్‌టాప్ నడపకూడదు. ఉబ్బకపోయినా బ్యాటరీ కనెక్టర్ ఊడదీసే ఉంచి, మూత పెట్టి చార్జరు మీదే ఆన్ చేసి చూడవచ్చు. అలా నిలబడితే దోషి బ్యాటరీ. చార్జరు వాట్లు కూడా చూడండి. 65 వాట్లది కావాల్సిన చోట 45 వాట్లది పెడితే బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఆన్ కాగానే ప్రాసెసరు ఎక్కువ లాగి మెషీన్ ఆరిపోగలదు.

వేడి విషయానికొస్తే, ప్రాసెసరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి మొదట వేగం తగ్గిస్తుంది, తర్వాత కరెంటే కట్ అవుతుంది. ఇలా ఆరినప్పుడు ఎర్రర్ ఏమీ కనిపించదు, టక్కున చీకటి. దుమ్ము కనిపించేది ఫ్యాన్ రెక్కల మీదైనా అసలు అడ్డం ఫ్యాన్‌కూ, సన్నటి రాగి లేదా అల్యూమినియం పలకల వరసకూ మధ్య పేరుకున్న పొరే. ఫ్యాన్ తీయకుండా బయటినుంచి బ్లోయర్ కొడితే ఆ పొర లోపలే ఉండిపోతుంది. ఫ్యాన్ స్క్రూలు విప్పి పక్కకు తీసి పొరను చేత్తో లాగేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకోండి. ప్రాసెసరు వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు ఎండి గట్టిబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెడితే చాలు.

చుక్కలు తిరుగుతూ పడిపోతే

ఎర్రర్ తెర కళ్ళబడేలోపే రీస్టార్ట్ అయిపోతుంటే ముందు దాన్ని ఆపాలి. లోగో వచ్చాక చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఇలా వరుసగా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ రికవరీ మెనూ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చే జాబితాలో 9 నొక్కితే ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆగుతుంది. ఇప్పుడు ఎర్రర్ తెర నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీయండి. ఈ తెర పాత విండోస్‌లలో నీలం, 2025లో వచ్చిన మార్పు తర్వాత విండోస్ 11లో నలుపు. నల్లగా ఉందని కొత్త జబ్బు అనుకోనక్కర్లేదు.

ఆ తెర మీది పేరే దారి చూపిస్తుంది. ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటే విండోస్ ఉన్న డిస్కు విండోస్‌కే అందడం లేదు. డిస్కు చెడి ఉండొచ్చు, లేదా బయోస్‌లో స్టోరేజ్ మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి; వీఎండీ, ఆర్‌ఎస్‌టీ, ఏహెచ్‌సీఐ అలాంటివే) మారి ఉండొచ్చు. ఇంటెల్ వీఎండీ లేదా ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో వేసిన విండోస్‌ను ఏహెచ్‌సీఐకి మార్చినా, బయోస్‌ను డీఫాల్ట్ చేసినప్పుడు అది మారిపోయినా ఇదే ఎర్రర్. మోడ్ వెనక్కి మారిస్తే నిమిషంలో లేస్తుంది, దీనికోసం ఫార్మాట్ కొట్టడం శుద్ధ దండగ. మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో పరీక్షించండి. ఇది పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది, నాలుగు రౌండ్లు పూర్తి కానివ్వాలి, ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ పట్టీని నమ్మకూడదు. వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ హార్డ్‌వేర్ ఇచ్చే ఫిర్యాదు. వేడి, కరెంటు, ప్రాసెసరు వైపు చూడాలి. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్టోర్ ఎక్సెప్షన్ వస్తే నేనైతే ముందు డిస్కునే అనుమానిస్తాను.

తర్వాత అదే జాబితాలో 4తో సేఫ్ మోడ్, 5తో నెట్‌వర్క్ ఉన్న సేఫ్ మోడ్. ఇక్కడ పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ గుర్తుండాలి. సేఫ్ మోడ్‌లో అతి తక్కువ డ్రైవర్లే ఎక్కుతాయి. అక్కడ మెషీన్ స్థిరంగా ఉంటే తప్పు బయటినుంచి వచ్చిన డ్రైవర్‌దో ప్రోగ్రామ్‌దో. 2024 జూలై 19న జరిగింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక్క లోపభూయిష్ట ఫైలు వల్ల ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు స్టార్టప్‌లోనే కుప్పకూలాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దానికి మందు కూడా ఫార్మాట్ కాదు: సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఫైలు తీసేయడమే.

అప్‌డేట్ తర్వాత మొదలైన తిప్పలైతే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంది, చివరి క్వాలిటీ అప్‌డేట్‌ను తీయండి. సిస్టమ్ రీస్టోర్ పాయింట్ (విండోస్ ముందే దాచుకున్న పాత స్థితి) ఉంటే అదీ మంచిదే, సొంత ఫైళ్ళను ముట్టుకోదు. గ్రాఫిక్స్ అనుమానమైతే సేఫ్ మోడ్‌లో డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే డ్రైవర్ తీసేసి, ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి మీ మోడల్‌కు ఇచ్చినదే వేయండి. సిస్టమ్ ఫైళ్ళ కోసం అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎఫ్‌సీ, ఒక ఖాళీ, స్లాష్, దానికి ఆనుకుని స్కాన్‌నౌ అని కొట్టండి. ఇది మధ్యలో కాసేపు కదలనట్టు ఉంటుంది, మూసేయకండి.

ఒక విచిత్రమైన లక్షణం: పొద్దున షట్‌డౌన్ నుంచి ఆన్ చేస్తే పడిపోతుంది, రీస్టార్ట్ చేస్తే మాత్రం బాగానే లేస్తుంది. ఇది చాలావరకు ఫాస్ట్ స్టార్టప్ పని. ఆ సెట్టింగ్ ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. విండోస్ తన కెర్నెల్‌ను (మూల భాగాన్ని), డ్రైవర్ల స్థితిని డిస్కు మీద దాచి మర్నాడు దాన్నే ఎత్తుకుంటుంది. దాచినదాంట్లో తప్పుంటే రోజూ అదే తప్పు లేస్తుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్ల సెట్టింగ్‌లో దాన్ని తీసేయండి. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కన్నా వేగమైన డిస్కు) ఉన్న మెషీన్‌లో ఆన్ అయ్యే సమయంలో తేడా పెద్దగా తెలియదు కూడా.

డిస్కు మీద అనుమానం వస్తే

లోగో దగ్గరే నిమిషాల తరబడి నిలబడటం, ఆటోమేటిక్ రిపేర్ తెర పదేపదే రావడం, బయోస్‌లో డిస్కు పేరు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవడం, ఇవి డిస్కు లక్షణాలు. ఇక్కడ చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికే విండోస్ కమాండ్) నడపమనే సలహా అందరూ ఇస్తారు. ఆగండి. ఆర్ ఆప్షన్‌తో చెక్‌డిస్క్ డిస్కు మొత్తాన్నీ మూలమూలనా చదివిస్తుంది, చావుబతుకుల్లో ఉన్న హార్డ్ డిస్కును అది పూర్తిగా చంపగలదు. ముందు డేటా తీయాలి. ఇంకో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ లేదా ఉబుంటు రాసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఆప్షన్‌తో బూట్ చేయండి. బూట్ మెనూకు డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఫైళ్ళు బయటి డిస్కుకు ఎక్కించుకోండి, బిట్‌లాకర్ ఉంటే కీ అడుగుతుంది. గంటసేపు ఈ లినక్స్ నిలకడగా నడిస్తే ర్యామ్, ప్రాసెసరు, ఫ్యాన్ దాదాపు నిర్దోషులే.

మెషీన్ ఏదో ఒకరకంగా విండోస్‌లోకి వెళ్ళగలిగితే డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాము చూడండి. పసుపు రంగు కాషన్ కనిపిస్తే, రీఎలొకేటెడ్ లేదా పెండింగ్ సెక్టర్లు (చెడిన, అనుమానంలో ఉన్న భాగాలు) పెరుగుతుంటే డిస్కు మార్చే వేళయింది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే చిట్టాలో) కెర్నెల్ పవర్ 41 కనిపించిందని పవర్ సప్లై మార్చకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే అది చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు.

నిజంగానే ఫార్మాట్ అవసరమైతే

హార్డ్‌వేర్ అంతా నెగ్గి, సేఫ్ మోడ్ కూడా లేవకపోతే, డేటా తీసుకున్నాక విండోస్ కొత్తగా వేయవచ్చు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో సెటప్ డిస్కే కనిపించడం లేదని చెప్పడం చాలాచోట్ల ఎదురయ్యే అడ్డంకి. డిస్కు పోయిందని షాపువాళ్ళు కొత్తది అమ్మేదీ ఇక్కడే. వీఎండీ ఆన్‌లో ఉండటమే కారణం. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది.

బోర్డు రిపేరుకు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోటికి తీసుకెళ్తుంటే ఎస్‌ఎస్‌డీ విప్పి ఇంట్లోనే పెట్టుకోవచ్చు, బోర్డును సరిచూడటానికి మీ డేటా అవసరం లేదు. ఏ దశలో ఆగుతోందో, లైట్లు ఎన్నిసార్లు మెరిశాయో, బయోస్‌లో ఎంతసేపు నిలబడిందో ఒక చీటీ మీద రాసి, ఎర్రర్ ఫొటోతో పాటు ఇవ్వండి.