మోటారుకి ప్రెషర్ కంట్రోలర్: వైర్లు ఎటు నుంచి ఎటు?

కుళాయి తిప్పగానే మోటారు దానంతటదే ఆన్ అయ్యే ప్రెషర్ కంట్రోలర్ మా కోనసీమ ఇళ్లలోకీ వచ్చేసింది. పైపుకి బిగించడం తేలికే. పొరపాటంతా వైరింగులోనే.

దానికి రెండు కేబుళ్లు: ఒకటి కరెంటు వచ్చేది, రెండోది మోటారుకి వెళ్లేది. మా ఇంట్లో ఈ రెండూ తారుమారు చేశారు. లైటు వెలగదు, మోటారు తిరగదు. కొత్త కంట్రోలరే పాడైందనుకుని సగం రోజు టెన్షన్ పడ్డాం. మూత లోపల గుర్తులుంటాయి, చూసి బిగించండి. అంతకుముందు మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూడాలి. ఎర్త్ వైరు మాత్రం వదిలేయకండి. మన నేల ఎప్పుడూ తడే, పైగా చెప్పుల్లేకుండా మోటారు దగ్గరికి వెళ్తాం.

బోరులో సబ్‌మెర్సిబుల్ ఉంటే కెపాసిటర్ ఉన్న స్టార్టర్ బాక్సు ఉంటుంది కదా, కంట్రోలర్ దానికి ముందు రావాలి. బాక్సుకీ మోటారుకీ మధ్యలో పెట్టకూడదు. పచ్చ బటన్ నొక్కితేనే స్టార్టయ్యే బాక్సయితే నేరుగా కుదరదు, ఎలక్ట్రీషియన్‌తో మార్పించుకోవాలి.

కంట్రోలర్ మీద రాసిన ఆంపియర్లు చూడండి. చాలావాటికి 10 ఆంపియర్లు, అంటే సుమారు ఒకటిన్నర హెచ్‌పీ మోటారు వరకే. అంతకంటే పెద్దదైతే మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటుని తట్టుకునే, కరెంటుతోనే పనిచేసే స్విచ్చు) పెట్టించాలి.

ఇంకొకటి, మోటారుకీ కంట్రోలర్‌కీ మధ్య పైపుకి కుళాయి పెట్టొద్దు. పెరట్లో మొక్కల కోసం మేం పెట్టించి, మళ్లీ తీయించాం.