ఎన్‌పీటెల్ కోర్సు మధ్యలో వదిలేయకుండా ఒడగొట్టాలంటే

చేరడానికి పైసా ఖర్చు లేదు కదా అని జులైలో ఒకేసారి మూడు ఎన్‌పీటెల్ కోర్సులు (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి ఆన్‌లైన్‌లో నడిపేవి) తీసుకుంటారు, బతుకమ్మ సెలవులకు ఊరికి పోతారు, తిరిగొచ్చేసరికి రెండు అసైన్‌మెంట్ల గడువు దాటిపోయి ఉంటుంది, ఇక ఆ పేజీ మళ్లీ తెరవరు. హన్మకొండ కాలేజీల్లో ఏటా చూసే ముచ్చటే ఇది.

చాలామందికి తెలియనిదేంటంటే, 12 వారాల కోర్సులో లెక్కలోకి వచ్చేవి మీకు ఎక్కువ మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లే. 8 వారాలదైతే 6. పండగకు రెండు పోయినా కొంప మునిగేదేం లేదు, తిరిగొచ్చాక ఆ వారం పాఠం నుంచే పట్టుకోండి. వెనకబడ్డదంతా చూశాకే ముందుకు పోతానని కూర్చుంటే ఎప్పటికీ ఒడవదు.

సర్టిఫికెట్ కోసం రాసే పరీక్ష ఫీజు 1000 రూపాయలు, రిజిస్ట్రేషన్ తెరవగానే కట్టేయండి. హార్వర్డ్, ఎంఐటీ ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో బయటికొచ్చాయి: 2017-18లో చేరిన మొత్తం మందిలో పూర్తిచేసింది నూటికి ముగ్గురు, సర్టిఫికెట్ కోసం పైసలు కట్టినవాళ్లలో మాత్రం నూటికి 46 మంది. గట్టిగా చదివేవాళ్లే పైసలు కడతారు, నిజమే, కానీ నాన్న ఫోన్‌పే నుంచి వెయ్యి పోయాక ఎవరికైనా కొంచెం భయం ఉంటుంది.

వీడియోలతో మొదలుపెట్టకండి. వారానికి రెండు మూడు గంటల పాఠాలను ఒక్క రాత్రే హాస్టల్లో చూసేద్దామంటే మూడో వీడియోకే నిద్రొస్తుంది. ముందు అసైన్‌మెంట్ తెరిచి, ప్రశ్నలన్నీ చదివి, రానివి నోట్‌బుక్‌లో రాసుకొని, అప్పుడు వీడియో వేయండి. సార్ బోర్డు మీద సరిగ్గా అలాంటి లెక్కే చేస్తుంటే చూసే తీరే మారిపోతుంది. గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59, మీరు మాత్రం మంగళవారమే అనుకోండి, వానాకాలంలో కరెంటును, హాస్టల్ వైఫైని నమ్ముకోలేం. గడువులోపు ఎన్నిసార్లయినా సబ్మిట్ చేయొచ్చు, చివరిదే లెక్క, కాబట్టి వచ్చినకాడికి పెట్టేసి తర్వాత దిద్దుకోండి.

టెలిగ్రామ్‌లో జవాబులు దొరుకుతాయి, తెలుసు. కానీ అసైన్‌మెంట్లకు 25 మార్కులే, సెంటర్‌కి పోయి రాసే పరీక్షకు 75, అందులో 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. అరవై మంది ఉన్న గ్రూపు కన్నా అదే కోర్సు చేస్తున్న దోస్తు ఒక్కడు మేలు, "అసైన్‌మెంట్ పెట్టినవారా?" అని మంగళవారం సాయంత్రం అడిగేవాడు.

లెక్చరర్లు కూడా గురువారం క్లాసులో ఆ వారం అసైన్‌మెంట్ నుంచి ఒక్క ప్రశ్న బోర్డు మీద చేయిస్తే చాలు, సార్ అడుగుతాడన్న టెన్షన్‌కైనా తెరిచి చూస్తారు.