మాల్దీవుల డైవ్ బోటులో నాలుగో రోజు నుంచి వచ్చే ఇబ్బందులు: సమస్య – పరిష్కారం

లైవ్‌అబోర్డ్ (బోటులోనే బస చేస్తూ డైవ్ చేసే) ట్రిప్పులో రోజుకు మూడు డైవ్‌లు మామూలే. సామాను పెద్ద బోటుకు ఎక్కదు, వెంట వచ్చే డైవ్ ధోనీ (చిన్న పడవ)లోనే సిలిండర్లకు బిగించి వారమంతా ఉంటుంది. మొదటి రోజు కనపడని తంటాలు వారం మధ్యలో బయటపడేది అందుకే. పరికరం చెడిపోవడం అరుదు. ఉప్పు, తడి, ఒంట్లో పేరుకునే నైట్రోజన్... చాలావరకు కారణాలు ఇవే.

బటన్ నొక్కకుండానే బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) ఉబ్బుతోంది

ఇన్‌ఫ్లేటర్ బటన్ కింద ఉప్పు గడ్డకట్టి వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. నీళ్లలో ఉంటే ఒక చేత్తో గాలి వదులుతూ, రెండో చేత్తో లో-ప్రెషర్ హోస్ (జాకెట్‌కు గాలి తెచ్చే గొట్టం) ఊడదీయండి. హోస్ తీయనంతసేపూ ఎంత వదిలినా మళ్లీ నిండుతూనే ఉంటుంది. పైకొచ్చాక గోరువెచ్చని మంచినీళ్లలో ముంచి బటన్‌ను 20, 30 సార్లు నొక్కండి. అయినా అంటుకుంటుంటే బోటులో ఉన్న స్పేర్ అడగండి, చెడినదానితో మాత్రం దిగొద్దు.

వాల్వ్ తెరవగానే బుస్సుమంటోంది

ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది. రెగ్యులేటర్ అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం. వాల్వ్ మీద పట్టులా బిగించే యోక్ రెగ్యులేటర్‌కైతే అది సిలిండర్ వాల్వ్‌లో ఉంటుంది, మరలా తిప్పి బిగించే డిన్‌కైతే రెగ్యులేటర్ మీదే ఉంటుంది. ఇంకా గట్టిగా బిగిస్తే ఆగదు. వాల్వ్ మూసి, రెగ్యులేటర్ మీది పర్జ్ బటన్ నొక్కి గాలి ఖాళీ చేసి, రింగు మార్చండి.

చెవి నొప్పి

ముందు ఏ చెవి నొప్పో తేల్చుకోవాలి. చెవి డొప్ప పట్టి కాస్త లాగండి. ప్రాణం పోయినట్టుంటే బయటి చెవి ఇన్ఫెక్షన్. రోజంతా తడిలో నాని చర్మం మెత్తబడడమే దానికి మూలం. డైవ్ అయ్యాక మంచినీళ్లతో కడిగి, ఎసిటిక్ యాసిడ్ చుక్కలు వేసి, ఒక్కో చెవికి 5 నిమిషాలు పక్కకు వాలి ఉండడం మొదటి రోజు నుంచే చేస్తే ఇది దాదాపు రాదు. నొప్పి మొదలయ్యాక మాత్రం డైవ్‌లు ఆపాల్సిందే. కర్ణభేరి మీద అనుమానం ఉంటే ఏ చుక్కలూ వేయొద్దు. దూదిపుల్లలు అసలే వద్దు.

లాగినా నొప్పి లేకుండా చెవి దిబ్బడగా ఉంటే మధ్య చెవి. దిగేటప్పుడు ఆలస్యంగా ఈక్వలైజ్ చేసి (ముక్కు మూసి మెల్లగా ఊది చెవిలో ఒత్తిడి సరిచేసి) ఉంటారు. నీటి పైనే ఒకసారి, ఆపై ప్రతి మీటరుకూ నొప్పి రాకముందే చేయండి. పట్టేస్తే మీటరు పైకి రండి, బలంగా ఊదకండి. జలుబు బిళ్ల వేసుకుని దిగితే లోతులో మందు పని అయిపోయి, పైకొచ్చేటప్పుడు చెవి బిగుసుకుంటుంది.

గ్రూపులో ఒకరి గాలే ముందు అయిపోతోంది

లెక్క చూడండి. 12 లీటర్ల సిలిండర్, 200 బార్ ఒత్తిడి: 2400 లీటర్లు. 50 బార్ రిజర్వ్ పోగా 1800. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి, మాల్దీవుల చట్టపరమైన పరిమితి 30 మీటర్ల లోతులో, ఒత్తిడి నాలుగింతలు కాబట్టి, 80 పీలుస్తాడు. అంటే 22 నిమిషాలే. కందూలలో (పగడపు దీవుల మధ్య సందుల్లో) ప్రవాహానికి ఎదురీదితే అదీ ఉండదు. కట్టుకునే సీసం బరువు తగ్గించండి, రీఫ్‌కు దగ్గరగా, మిగతావాళ్లకన్నా రెండు మూడు మీటర్లు పైన ఈదమనండి.

కొత్త మాస్క్‌కు ఆవిరి

లోపలి అద్దాన్ని తెల్ల టూత్‌పేస్ట్‌తో నాలుగైదు సార్లు రుద్ది కడగండి.

డైవ్ తర్వాత కీళ్ల నొప్పి, తిమ్మిరి, వింత అలసట

నిద్ర చాలలేదని సర్దిచెప్పుకోకండి. డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో పేరుకున్న నైట్రోజన్ బుడగలు కట్టడం) అనే అనుకుని వెంటనే పడుకోబెట్టి 100 శాతం ఆక్సిజన్ పెట్టించండి, డైవ్ డాక్టర్‌తో మాట్లాడమని సిబ్బందికి చెప్పండి. తగ్గినట్టున్నా మళ్లీ నీళ్లలోకి దించొద్దు. విమానానికి కనీసం 18 గంటల ముందే ఆఖరి డైవ్ ముగియాలి, బోట్లు ఎక్కువగా 24 పాటిస్తాయి. చివరి రోజు ఉదయం ఒక్క డైవ్ కోసం గైడ్‌ను బతిమాలడం అందుకే అనవసరం.