నా మీద నేనే వేసుకున్న మీమ్, విడిపోయిన ఒత్తులు

జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టి మూడు రోజులు వెళ్లాను. దీని మీద మీమ్ వేసుకోకపోతే పాపం. మనకి బ్రహ్మానందం ఉండగా ముఖాలకి కరువా? ఓరచూపు ఫొటో ఒకటి దొరికింది.

కంప్యూటర్లో ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ ఫొటో పైన తెలుగు టైప్ చేస్తే ‘కట్టి’ కాస్తా ‘కట్‌టి’ అయి కూర్చుంది. ఒత్తులన్నీ విడిపోయాయి. ఫాంట్ తప్పేమోనని నాలుగు మార్చా, లాభం లేదు. చివరికి టెక్స్ట్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఆప్షన్ కనిపించింది. అది పెట్టి, ఫైల్ మూసి మళ్లీ కొత్తగా మొదలుపెడితే ఒత్తులు బుద్ధిగా వాటి చోటికి వచ్చాయి.

ఫాంట్ రామభద్ర పెట్టా. ఉచితం, లావుగా ఉంటుంది, ఫోన్లో చిన్నగా కనబడ్డా చదవొచ్చు. తెల్ల అక్షరాలకి నల్ల అంచు. కానీ ఇంగ్లీషు మీమ్‌లా వరుసలు దగ్గరగా పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని గుద్దేస్తున్నాయి. వరుసల మధ్య ఖాళీ బాగా పెంచాక సర్దుకుంది.

అసలు తంటా మాత్రం మాటలతోనే. మొదట రాసింది: ‘జిమ్‌కి ఏడాది డబ్బులు కట్టి మూడు రోజులే వెళ్లి బాధపడుతున్న నేను’. ఫ్రెండ్ చూసి, ‘ఇది మీమా, అర్జీయా రా?’ అన్నాడు. బాధంతా ముఖంలోనే ఉంది కదా, మళ్లీ రాయడమెందుకు? కొట్టేసి ఇలా మార్చా:

‘జిమ్ ముందు నుంచి బిర్యానీ పార్సిల్‌తో వెళ్తున్న నేను’.

గ్రూపులో పెట్టిన రెండో నిమిషానికి మా జిమ్ కోచ్ నవ్వు ఎమోజీ పెట్టాడు. ఆయన ఆ గ్రూపులో ఉన్నాడని మర్చేపోయా.