నెల్లూరు పొట్టేలును మాంసానికీ, ప్రదర్శనకూ పెంచడం ఎలా?

మన మందల్లో ఒక అలవాటు ఉంది. బాగా ఎదిగిన పొట్టేలు పిల్లను ముందుగా అమ్మేస్తాం. బక్రీదుకు మంచి ధర వస్తుంది, చేతిలో నాలుగు డబ్బులు పడతాయి. ఎవరూ కొనని బక్క పిల్ల మందలోనే ఉండిపోయి, మరుసటి ఏడు గొర్రెలన్నిటినీ దాటేది (జతకట్టేది) అదే అవుతుంది. ఇలా నాలుగైదు ఈతలు గడిచేసరికి మంద మొత్తం పొట్టిబడిపోతుంది. మేత మాత్రం ఎప్పటిలాగే ఖర్చవుతుంది. నేనూ మూడేళ్ళు ఇదే పొరపాటు చేశాను. అందుకే ఈ పద్ధతి అంతా పొట్టేలు చుట్టూనే తిరుగుతుంది.

1. గొర్రెలను ఎంచుకోవడం

మన దేశంలోని గొర్రె జాతుల్లో అన్నిటికంటే ఎత్తైనది నెల్లూరు జాతి. ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకలే. ఇందులో మూడు రకాలు: తెల్లటిది పల్లా, గోధుమ రంగుది డోరా, తెల్లటి ఒంటికి మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలున్నది జోడిపి. తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో ఉన్ని ఉన్న దక్కనీ గొర్రె బాగా తట్టుకుంటుంది. మీ ఊళ్ళో తరాలుగా బతుకుతున్న జాతినే కొనండి.

సంతలో అమ్మేవాళ్ళు చెప్పే వయసు కాదు, పళ్ళు చూడాలి. గొర్రెకు పైదవడలో ముందు పళ్ళు ఉండవు, కింద ఎనిమిది ఉంటాయి. నడిమి రెండు పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వస్తే ఏడాది దాటినట్టు. నాలుగు పళ్ళు వేస్తే రెండేళ్ళకు దగ్గర. ఎనిమిదీ వస్తే నాలుగేళ్ళ పైమాటే. రెండు పళ్ళ నుంచి ఆరు పళ్ళ లోపు గొర్రెలు కొనండి. పొదుగు చేత్తో తడిమి చూడండి. గడ్డలున్నా, ఒక రొమ్ము ఎండిపోయి ఉన్నా వదిలేయండి.

2. పొట్టేలును ఎంచుకోవడం

ఇక్కడ తొందర పడొద్దు. 20, 25 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. అంటే ఒక్క ఏడాదిలో పుట్టే పిల్లలన్నిటిలో సగం రక్తం దానిదే.

ముందు దూరం నుంచి చూడండి. వీపు తిన్నగా, ఛాతీ వెడల్పుగా ఉండాలి. నడిపించి చూస్తే వెనక కాళ్ళు ఒకదానికొకటి రాసుకోకూడదు. తర్వాత దగ్గరికి వెళ్ళి నోరు తెరవండి. కింది పళ్ళు పైచిగురుకు సరిగ్గా ఆనాలి. ముందుకు పొడుచుకొచ్చినా, వెనక్కి ఉన్నా అది మేత సరిగా కొరకలేదు, ఆ లోపం పిల్లలకూ వస్తుంది. చివరగా వృషణాలు పట్టి చూడండి. రెండూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. వీలైతే దాని తల్లిని కూడా చూపించమని అడగండి.

రెండేళ్ళకోసారి పొట్టేలును మార్చాలి. లేకపోతే తన కూతుళ్ళనే దాటుతుంది, బలహీనమైన పిల్లలు పుడతాయి. పక్క ఊరి మందతో మార్చుకుంటే ఖర్చు కూడా ఉండదు.

3. దాటించడం

వానలు పడి పచ్చిక వచ్చాక, జూన్, జులైలో దాటిస్తే నవంబర్, డిసెంబర్‌లో ఈనతాయి. చూడి కాలం ఐదు నెలలు, కచ్చితంగా చెప్పాలంటే 147 నుంచి 150 రోజులు. దాటించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు రోజూ 200 గ్రాముల దాణా పెడితే ఎక్కువ గొర్రెలు ఒకేసారి ఎదకు వస్తాయి.

ఎర్రమట్టిని నూనెలో కలిపి పొట్టేలు ఛాతీకి పూయండి. రాత్రి ఏ గొర్రెను దాటిందో పొద్దున్నే నడుము మీద ఎర్రటి మరక చెబుతుంది. గొర్రెకు ఎద 17 రోజులకోసారి వస్తుంది కాబట్టి, ఆ తర్వాత రంగు మార్చి పూయండి. కొత్త రంగు అంటిన గొర్రె మొదటిసారి చూలు కట్టలేదని అర్థం. రెండు మూడు సార్లు మరక పడుతూనే ఉంటే ఆ గొర్రెను అమ్మేయొచ్చు. చాలా గొర్రెలకు అలాగే పడుతుంటే మాత్రం లోపం పొట్టేలులో ఉంది.

4. ఈనిన రోజు

పిల్ల పడగానే ముక్కు, నోరు తుడవండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి. తల్లి రొమ్ముల చివర మైనంలాంటి బిరడా ఉంటుంది. రెండు చుక్కలు పిండితే ఊడిపోతుంది. అది తీయకపోతే బలం లేని పిల్ల ఎంత చీకినా పాలు రావు, మనమేమో తాగుతోందనుకుంటాం. గంట, రెండు గంటల్లోపు ముర్రుపాలు కడుపులో పడాలి. పిల్లను తల్లి నాకనివ్వండి. కడిగేసి ఇస్తే వాసన గుర్తుపట్టక తన్నేస్తుంది.

5. మేపు

మూడు నెలల దాకా తల్లి పాలు ఉంటాయి. కానీ రెండో వారం నుంచే పిల్లలు మాత్రమే దూరగలిగే చిన్న దడి కట్టి, లోపల కాస్త దాణా, లేత ఆకు పెట్టండి. దాణాకు నేను వాడే లెక్క ఇది: 100 కిలోలకు మొక్కజొన్న నూక 50, వేరుశనగ చెక్క 25, తవుడు 22, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. పాలు మాన్పించాక రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాల్లో 250 గ్రాములకు తీసుకెళ్ళండి. దానికి తోడు సుబాబుల్, అవిశ ఆకు, వేరుశనగ కట్టె ఉండాలి.

దాణా ఒక్కసారిగా పెంచొద్దు. మా ఇంట్లో పెళ్ళయిన మర్నాడు మిగిలిన అన్నం గంపెడు తిన్న పొట్టేలు పొద్దుగూకేసరికి పళ్ళు కొరుకుతూ పడిపోయింది, తెల్లారకుండానే చచ్చిపోయింది. అన్నం, బియ్యం, నూకలు ఏవైనా సరే, ఎక్కువైతే కడుపులో పులిసి ప్రాణం తీస్తాయి. తవుడు మరీ ఎక్కువైతే పొట్టేళ్ళకు మూత్రంలో రాళ్ళు వస్తాయి. ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తుంటే వెంటనే డాక్టర్‌ను పిలవండి. తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

6. టీకాలు, నట్టల మందు

తొలకరి లేత పచ్చిక తిన్నాక, బాగా బలిసిన పిల్లే చిటుక రోగంతో (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) ముందు పోతుంది. అందుకే ఆ టీకా మే నెలలోనే వేయించాలి. పీపీఆర్ (జ్వరం, పారుడుతో వచ్చే అంటురోగం), నీలి నాలుక, బొబ్బ రోగం టీకాల తేదీలు మీ పశువైద్యుడిని అడిగి గోడ మీద రాసుకోండి. నట్టల మందు, అంటే కడుపులో పురుగుల మందు, వానలకు ముందోసారి, తర్వాతోసారి. వానాకాలంలో మంచు ఆరాకే మందను తోలండి.

7. బరువు తెలుసుకుని అమ్మడం

బేరగాడు కంటితో అంచనా కడతాడు. మన దగ్గర టేపు ఉంటే చాలు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే ఇంచుమించు కిలోలు వస్తాయి. ఛాతీ 30, పొడవు 27 అయితే దాదాపు 37 కిలోలు. మాంసం అందులో సగానికి కాస్త అటూ ఇటూ. బక్రీదుకు పెంచేవాటి కొమ్ములు, కాళ్ళు, కళ్ళు జాగ్రత్త. లోపం ఉంటే కుర్బానీకి తీసుకోరు.

8. ప్రదర్శనకు సిద్ధం చేయడం

పశు ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు చూసేది కూడా మొదటి రెండు మెట్లలో మనం చూసినవే: జాతి రంగు, ఎత్తు, వీపు, కాళ్ళు, పళ్ళు. రెండు నెలల ముందు నుంచి రోజూ పది నిమిషాలు మెడతాడుతో నడిపించి, కదలకుండా నిలబడటం నేర్పండి. కొత్త మనిషి తడిమినా బెదరకూడదు. పది రోజుల ముందు గిట్టలు కత్తిరించండి, ముందురోజు స్నానం చేయించండి. ఉప్పు పెట్టి నీళ్ళు తాగించి పొట్ట ఉబ్బించేవాళ్ళున్నారు. అది జంతువుకు హింస, చెయ్యి వేసిన న్యాయనిర్ణేతకు తెలిసిపోతుంది కూడా.

బహుమతి వచ్చిందంటే బేరగాళ్ళు చుట్టుముడతారు. దాని తమ్ముళ్ళకు బేరం పెట్టండి, దాన్ని మాత్రం ఇంటికి తోలుకురండి. నాలుగు ఊళ్ళ జీవాల మధ్య తిరిగొచ్చింది కాబట్టి మూడు వారాలు మందకు దూరంగా కట్టేసి, ఆ తర్వాతే గొర్రెల్లోకి వదలండి.